పుట్టిన స్థలం

పంచాయతీ ఆఫీసులో నాది జనన మరణాల కుర్చీ.
మరణాల పుస్తకానికి అట్ట ఊడితే రెండుసార్లు కుట్టించాను.
జననాల పుస్తకం మాత్రం
పెళ్ళికి కొని దాచిన చెప్పుల్లా కొత్తగానే ఉంది.

పందొమ్మిదేళ్ళుగా ఈ దీవిలో ఎవరూ పుట్టలేదు.
కడుపు పండకపోవడం కాదు.
ఎనిమిదో నెల రాగానే సూట్‌కేసు సర్దుకుని
ఓడెక్కి ఏథెన్స్ పోతారు.
ఏ పిన్ని ఇంట్లోనో సోఫా మీద నెల గడిపి
ఒడిలో పసిదానితో తిరిగొస్తారు.
డాక్టర్ లేడు మరి. ఉన్న ఒక్కడూ
పళ్ళ డాక్టర్, అదీ బుధవారాలు.

గాలి తేటగా ఉన్న రోజు
మా మేడ మీంచి డీలోస్ కనిపిస్తుంది.
ఒకప్పుడు అక్కడ చట్టం:
ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు.
సమాధులు తవ్వి ఎముకలు ఎదుటి లంకకు మోశారు,
నొప్పులొస్తున్న ఆడవాళ్ళను పడవెక్కించారు.
దేవుడు పుట్టిన చోటట, మైల తగలకూడదట.
మాకు చట్టమేం లేదు.
బడ్జెట్టు ఉంది.

ఆ దేవుడి తల్లి లెటో సంగతి
మా నాయనమ్మ చేపలు తోముతూ చెప్పేది,
పక్కింటావిడ సంగతి చెప్పినట్టు.
నిండు చూలాలు. హీరా కోపానికి జడిసి
ఏ నేలా ఆమెకు చోటివ్వలేదు.
చివరికి సరేనన్నది రాళ్ళు తప్ప ఏమీ లేని ఒక లంక,
అదీ వేరు లేక నీళ్ళ మీద తేలుతుండేది.
తొమ్మిది పగళ్ళు, తొమ్మిది రాత్రులు నొప్పులు.
పురుడు పోసే దేవత ఎలీథియా రాలేదు,
పైనెవరో కూర్చోబెట్టి కబుర్లలో పెట్టారు.
బంగారు హారం ఇస్తామన్నాకే కదిలిందట.
"దేవుడు వరమిచ్చినా..." అని ఆపి నవ్వేది నాయనమ్మ.
ఆస్పత్రిలో తెల్లకోటు జేబుకి
తాను అందించిన చిన్న కవరు గుర్తొచ్చి.

జనవరిలో తొమ్మిదో నంబరు గాలి.
ఓడలు కట్టేశారు.
రొట్టెల బట్టీలో పనిచేసే మిర్యేతాకు
మూడు వారాల ముందే ఉమ్మనీరు పోయింది.
అల్బేనియా నుంచి వచ్చి పన్నెండేళ్ళు,
ఆమె రొట్టె తినే నోళ్ళే ఇంకా "ఆ పరాయి పిల్ల" అంటాయి.
హెలికాప్టర్ కోసం పదకొండుసార్లు ఫోన్ చేశాను.
"గాలి తగ్గనివ్వండి" అంది పైనున్న గొంతు,
మర్యాదగానే.

కల్లిరోయి వచ్చింది, ఎనభై ఒకటో ఏట,
రబ్బరు బూట్లతో, ఆరిపోయిన సిగరెట్‌తో.
ఎప్పుడో పని మానేసిన మంత్రసాని.
"చేతులు వణుకుతున్నాయి కదమ్మా" అన్నాను.
"పట్టుకునేప్పుడు వణకవులే" అంది.

లెటో ఖర్జూరపు చెట్టును వాటేసుకుని కన్నదట.
మా రేవులో చెట్లన్నీ ఎర్రపురుగు తిని మోళ్ళయ్యాయి.
మిర్యేతా పిండి కలిపే మిషన్ ఇనుప కాలు పట్టుకుంది.
బట్టీ వెచ్చగా ఉందని అక్కడే పరుపేశారు.
ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు,
పరాయి పిల్ల అన్నవాళ్ళూ వచ్చారు,
దుప్పట్లతో, వేణ్ణీళ్ళతో,
ఒకావిడ ఎందుకో ఉల్లిపాయలతో.

నేను బయట మెట్ల మీద కూర్చున్నాను.
గాలికి దీవి మొత్తం కదులుతోంది.
పోలిక కాదు. కాళ్ళ కింద తెలిసింది.

తెల్లారగట్ల ఏడుపు. ముందు పిల్లి అనుకున్నాను.
ఆడపిల్ల. రొట్టెల కాటా మీద తూచారు:
రెండు కిలోల ఏడు వందలు.

హెలికాప్టర్ మధ్యాహ్నం వచ్చింది.
పైలట్‌కి కాఫీ ఇచ్చాం. కవరు ఇవ్వలేదు.

సోమవారం యాకుమీస్ ఆఫీసుకొచ్చాడు,
వేళ్ళకింకా చేప పొలుసులు.
పుస్తకం తీశాను. తండ్రి పేరు. తల్లి పేరు.
పుట్టిన స్థలం.
నేను పుట్టి పెరిగిన దీవి పేరు,
ఆ గడిలో రాసి ఎన్నాళ్ళయిందో,
రెండో అక్షరం దగ్గర తడబడ్డాను.

కిటికీ రెక్క కొట్టుకుంటూనే ఉంది.
సిరా ఆరేదాకా
రెండు చేతులతో ఆ పేజీని
బల్లకు అదిమి పట్టుకున్నాను.